ఫోటోలో కుడిపక్క

“సార్, ఈమె పేరేంది?”

రాజశ్రీ అడిగింది అంతే. దొరస్వామి మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

ముప్పైమూడేళ్ళుగా ఆ ఫోటోను ఎంతమంది చూడలేదు, ఎంతమంది మెచ్చుకోలేదు! ఢిల్లీవాళ్ళు పిలిచి బంగారు పతకం ఇచ్చారు. ఒక ఇంగ్లీషు పత్రిక అట్ట మీద వేసుకుంది. ఎవరో దానధర్మాల సంఘంవాళ్ళు క్యాలెండరు కొట్టించి ఊరూరా పంచారు. అంతమందిలో ఒక్కరంటే ఒక్కరు ఈ మనిషి పేరేమిటని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడీ అమ్మాయి, తిరుపతిలో కాలేజీ పిల్లలకు ఫోటోలు తీయడం నేర్పే అమ్మాయి, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని టపటపా ఏదో కొట్టుకుంటూ, తలైనా ఎత్తకుండా అడిగేసింది.

“పేరు... అప్పుడు అడగలేదు మా,” అన్నాడు మాస్టారు.

“పేరు లేకుండా ప్రదర్శనలో పెడితే ఈ కాలంలో బాగుండదు సార్. మనిషి బతికుంటే కనుక్కొని, గోడకు పెట్టుకుంటామని ఒక మాట అడిగిరాండి. మీ నలభై ఫోటోల్లో దీనికే కదా లోపలికి రాగానే కనపడే ఎదురుగోడ ఇచ్చింది. ఆహ్వానం మీద కూడా ఇదే ఏసినాం.”

ఎదురుగోడ! ఆ మాట వినడానికే మాస్టారు ఇన్నాళ్ళు బతికి ఉన్నాడంటే అబద్ధం కాదు. పుత్తూరు హైస్కూల్లో ముప్పైనాలుగేళ్ళు డ్రాయింగు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం బతకడానికి, బతుకంతా మాత్రం ఫోటోలే. పుత్తూరు ఇంట్లో ఉన్న ఒక్క స్నానాలగదినీ చీకటిగదిగా మార్చేసి, పెళ్ళాం బిడ్డల్ని పెరట్లో నీళ్ళు పోసుకోమన్న మహానుభావుడు. పెళ్ళికి ఫోటోలు తీయమని ఎవరైనా వచ్చారా, అరికాలి మంట నెత్తికెక్కేది. “నేను అంగడివాణ్ణి కాదప్పా. నా మనసులో ఉండేదాన్ని నేను తీసుకుంటా,” అని తరిమేసేవాడు. ఆ మనసులో ఉండేది ఆయనకు అలిపిరి మెట్లకు పసుపు రాస్తున్న ముసలమ్మ చేతుల్లో దొరికింది. నగరి మగ్గాల సందుల్లో నూలుదుమ్ము మీద పడిన ఎండలో దొరికింది. శ్రీహరికోట రాకెట్టు వెళ్ళిపోయాక కూడా మిద్దెల మీద తలలెత్తి నిలబడిపోయిన జనంలో దొరికింది. మంచి ఫోటోలే, కాదనేవాళ్ళెవరు? కానీ జనానికి మాత్రం దొరస్వామి అంటే ‘ఆకలి’. ‘ఆకలి’ అంటే ఈ ఫోటో.

పాతికేళ్ళ ఆడమనిషి. మెడలో పసుపుతాడు తప్ప వేరే నగ లేదు. ఎండిన పెదాలు, లోతుకు పోయిన కళ్ళు, ముందుకు చాపిన చీరకొంగు. ఆ కొంగులో నాలుగంటే నాలుగు బియ్యపు గింజలు. చూసినవాడి చెయ్యి జేబులోకి పోతుంది.

రాజశ్రీ వెళ్ళిపోయాక కాఫీ గ్లాసులు తీయడానికి శకుంతలమ్మ వచ్చింది. మాస్టారి భార్య. ఆ ఫోటో గురించి ఇన్నేళ్ళలో మంచిగానీ చెడుగానీ ఆమె ఒక్క మాట అన్నది లేదు. ఆ పొద్దు మాత్రం గ్లాసులు పట్టుకుని నిలబడిపోయింది.

“పేరు నాకు తెల్సు. సిద్ధమ్మ. నగరికి ఇవతల తుమ్మలకుప్పం. మామిడితోపు వాళ్ళు.”

“నీకెట్ల తెల్సు?”

“బియ్యం ఎయ్యబోతా అడిగినా. మీరు ఎయ్యనిస్తే గదా!”

మాస్టారు తల వంచుకున్నాడు. వంచుకోక ఏం చేస్తాడు? ఆ రోజు ఏం జరిగిందో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

1991లో పెరటాసి నెల, మూడో శనివారం. పెరటాసి శనివారాలంటే ఏమిటో ఆ ప్రాంతంలో పసిబిడ్డనడిగినా చెబుతుంది. ఎంత కలిగినవాళ్ళయినా సరే, కొండమీది స్వామికి మొక్కుకున్నారంటే ఆ రోజు ఒక్కపొద్దుండి, నగలన్నీ తీసి ఇంట్లో పెట్టి, నామాలు పెట్టిన చెంబు పట్టుకుని “గోవిందా, గోవింద!” అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం ఎత్తుకోవాలి. ఆ బియ్యం వండి, అరిటాకులో రాశిపోసి, స్వామికి తళిగ వేసి, నలుగురికీ పెట్టాలి. పదెకరాల ఆసామి అయినా ఆ పొద్దు అడుక్కోవాల్సిందే. అట్లా మొక్కు తీర్చుకుంటూ వచ్చింది ఆ మనిషి పుత్తూరులో మాస్టారి వాకిట్లోకి. పక్కన నాలుగేళ్ళ పిల్లోడు. పుట్టువెంట్రుకలు ఇంకా తీయలేదు. నడినెత్తిన పిలక వేసి, నుదుట ఇంత నామం పెట్టారు. నామాల చెంబు వాడే రెండు చేతులా పట్టుకున్నాడు. చెంబు నిండా బియ్యం. ఆ బరువుకు ముందుకు తూలుతున్నాడు.

శకుంతలమ్మ దోసిట్లో బియ్యం పట్టుకుని బయటికొచ్చింది. “ఆగు!” అని కసిరాడు మాస్టారు. “ఏసినావంటే ఆమె ముఖం మారిపోతాది.” లోపలికి పరుగెత్తి తన రెండు కళ్ళ కెమెరా తెచ్చాడు. మామూలుగా కంటికి పెట్టుకునేది కాదు అది. పొట్ట దగ్గర పట్టుకుని, బావిలోకి వంగినట్టు వంగి, పైనుంచి లోపలికి తొంగిచూడాలి. అట్లా వంగి పావుగంట నిలబెట్టాడు ఆమెను. ఎండలోకి జరగమన్నాడు. కొంగు చాపమన్నాడు. పన్నెండు ఫోటోల రీలూ అయ్యేసరికి ఆమె, “పొద్దు పోతాంది సామీ, ఇంకా మూడిండ్లు తిరగాల,” అని పిల్లోడి రెక్క పట్టుకుని కదిలింది. వీధి మలుపులో మళ్ళీ వెనక్కి తిరిగి, “ఫోటో ఇస్తారు గదా?” అని అడిగింది. “పంపిస్తా, పంపిస్తా,” అన్నాడు మాస్టారు. ఎక్కడికి పంపిస్తాడు, పేరు అడిగితే కదా! శకుంతలమ్మ దోసిట్లో బియ్యం దోసిట్లోనే ఉండిపోయింది.

పన్నెండింటిలో ఒకటి కుదిరింది. ఎడమపక్క ఆమె ముఖం, ఆ కళ్ళు, ఆ కొంగు. చీకటిగదిలో అది తేలి రావడం చూసి మాస్టారి ఒళ్ళు జలదరించింది. కానీ కుడిపక్క పిల్లోడున్నాడు. నిండు చెంబు పట్టుకుని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. వాడు ఉన్నంతసేపూ అది మొక్కు ఫోటో. వాడు లేకపోతే? నల్లకాగితపు టేపు ముక్క తీసి, నెగటివ్ మీద కుడిపక్కన అంటించేశాడు. మద్రాసుకు పంపి పెద్ద ప్రింటు వేయించినా అంతవరకే రావాలని. ఆమె నుదుటి నామం చెమటకు సగం చెరిగే ఉంది. ప్రింటు వేసేటప్పుడు మిగతా సగం మీద ఇంకాస్త వెలుతురు పోసి నల్లబరిచాడు; ఎంత వెలుతురు పడితే కాగితం అంత నల్లబడుతుంది. కింద ‘ఆకలి’ అని రాసి ఢిల్లీకి పంపాడు.

తెలియక చేశాడా? పెరటాసి శనివారం తన ఇంట్లోనూ తళిగ వేసుకునే మనిషే! తెలియనిది ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు. “ఒక్కపొద్దుండింది గదా, ఆకలి నిజమే గదా,” అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. మొదట్లో రోజూ చెప్పుకోవాల్సి వచ్చేది. పోనుపోను ఆ అవసరం కూడా లేకపోయింది.

“ఆమెకు నేనేం అన్యాయం చేసినా? ఆ ముఖానికి దేశమంతా పేరొచ్చింది,” అన్నాడిప్పుడు.

“పోయి ఆమెతోనే చెప్పండి ఆ మాట,” అని శకుంతలమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

*

పోయాడు. పంతానికే పోయాడు. ఆ వచ్చిన శనివారం, అదీ పెరటాసి మూడో శనివారమే, అద్దం కట్టించిన ‘ఆకలి’ని పాత పంచెలో చుట్టి చంకన పెట్టుకుని నగరి బస్సెక్కాడు. నగరిలో దిగి ఆటో పట్టుకున్నాడు. దారి పొడుగునా మనసులో ఒకటే బొమ్మ: తాటాకుల గుడిసె, గుడిసె ముందు బక్కచిక్కిన ముసలమ్మ, తన ముఖాన్ని ఇంత పెద్ద ఫోటోలో చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం. మామిడితోపు వాళ్ళని పెళ్ళాం చెప్పింది కదా, గుడిసె ఎక్కడిదని అడగకండి. అన్నేళ్ళు ఆ ఫోటోను చూసీ చూసీ, తను చెప్పిన అబద్ధాన్ని తనే నమ్మేశాడు పాపం.

ఆటో ఆగింది రెండంతస్తుల మిద్దె ముందు. వాకిట్లో ట్రాక్టరు. పందిరి కింద బారుగా ఆకులు వేసి జనం భోంచేస్తున్నారు. వాళ్ళ మధ్య అన్నం గంప పెట్టుకుని తిరుగుతోంది ఒక పెద్దామె. అరవైకి దగ్గర పడ్డ దిట్టమైన మనిషి, నెరిసిన జుట్టు, పందిరంతా వినిపించే గొంతు.

“రాండి సామీ, రాండి! తళిగ పొద్దుకు సరిగ్గా వచ్చినారు. కాళ్ళు కడుక్కోండి!” ఎవరు, ఏ ఊరు అని అడగలేదు. ఆ రోజు అడగరు.

ఆ కళ్ళను మాస్టారు ఎట్లా మరిచిపోతాడు? లోతుకు పోయి లేవిప్పుడు. అంతే తేడా.

పంచె మూటను స్తంభానికి ఆనించి, ఆకు ముందు కూర్చున్నాడు. “అదేంది సామీ, పడిపోతాదేమో?” అని అడిగిందామె.

“అద్దం మా. ఇంటికి కొన్నా,” అన్నాడు. ఆ అబద్ధం ఎంత చులాగ్గా వచ్చిందో చూడండి.

చిత్రాన్నం వడ్డించింది. వడ పెట్టింది. పప్పు మీద నెయ్యి పోసింది. “ఏంది సామీ, కోడిపిల్ల మాదిరి గెలకతా ఉండారు? కడుపు నిండా తినండి,” అని మళ్ళీ వడ్డించింది. ‘ఆకలి’ అని తను పేరు పెట్టిన మనిషి తనకు మారుమారు వడ్డిస్తోంది. స్తంభానికి ఆనుకుని అదే మనిషి ముడుచుకుపోయిన కడుపుతో కొంగు చాపి ఉంది, పంచె చాటున.

“యా ఊరు సామీ మనది?”

“ఇప్పుడు తిరుపతి. ముందర పుత్తూరు. హైస్కూల్లో పనిచేస్తా ఉంటి.”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. “పుత్తూరు హైస్కూలా? ఆడ ఫోటోలు తీసే అయ్యవారు ఒగాయన ఉండె. మీకు తెల్సునా?”

పరుగెత్తిపోవడానికి దారి ఉంటే పరుగెత్తేవాడే. అటూ ఇటూ ఆకులు, మధ్యలో తను.

“నేనే మా,” అన్నాడు.

ఆమె గంప దించి అక్కడే, నేల మీదే, ఆయన ఆకు ఎదురుగా చతికిలబడింది. మాట మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

“నా పెద్దబిడ్డ, మునికుమారు. వాడికోసరమే అయ్యవారా ఆ మొక్కు. జ్వరం ఇడిసేది కాదు, మళ్ళా వచ్చేది. ఆ పొద్దు మటుకు బాగుండినాడు. చెంబు నేనే పట్టుకుంటానని ఒగటే మారాం. మీరు ఆ పెట్టెలోకి తల దూర్చి సూస్తా ఉంటే వాడికి నవ్వు ఆగలే! దావంతా మీ మాదిరే వంగి వంగి సూపించినాడు... ఆ కార్తీకంలోనే పోయినాడు.”

మాస్టారు ఆకు వైపే చూస్తున్నాడు.

“పుట్టెంటికలు తీసేదాకా ఫోటో తీయించగూడదని మా అత్త పట్టు. ఆయుసు తగ్గుతాదంట. అందుకే వాడి బొమ్మ ఒగటి గూడా లేదు. మీరు తీసిందే. అందుకే పోయినాడని గూడా అనింది మా అత్త. నేను ఒప్పుకోలే. ఫోటో తీస్తే బిడ్డలు పోతారా?” అని ముక్కు తుడుచుకుంది. “వాడి ముఖం నాకు మర్సిపోతా ఉండాది అయ్యవారా. కండ్లు మూసుకుంటే పిలక అగుపిస్తాది, చెంబు అగుపిస్తాది, ముఖం రాదు. ఫోటో అడగాలని మీ ఇంటికి రెండుతూర్లు వచ్చినా. బీగం ఏసుండె. రెండోతూరి పక్కింటోళ్ళు చెప్పిరి, మీకేదో పతకం ఇస్తా ఉండారంట, ఢిల్లీకి పోయినారని. సరేలే, పెద్దమనిషి, మనల్ని యాడ గుర్తు పెట్టుకుంటాడని వచ్చేస్తి.”

ఆ పతకం ఎందుకిచ్చారో ఆమెకు తెలియదు. మాస్టారికి తెలుసు.

“ఆ ఫోటో ఉండాదా అయ్యవారా?”

“ఉండాది,” అన్నాడు. “ఇంట్లో ఉండాది. వచ్చే శనివారం తెచ్చిస్తా మా.”

చెయ్యి కడుక్కుని, మూట చంకన పెట్టుకుని బయటపడ్డాడు. ఆటో దాకా వచ్చి సాగనంపింది ఆమె. “అద్దం జాగ్రత్త సామీ,” అని కూడా చెప్పింది.

*

మరునాడు పొద్దున్నే చీకటిగది కిటికీలకు దుప్పట్లు కట్టించాడు. తిరుపతి ఇంట్లోనూ ఆయనకో చీకటిగది ఉంది, దాన్ని వాడక నాలుగేళ్ళయినా. పాత నెగటివ్‌లన్నీ ఏడాదుల వారీగా కవర్లలో పెట్టిన మనిషి కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. కవర్లోంచి తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. ఎడమపక్క ఆమె. కుడిపక్క నల్లటి టేపు, బండగా, గోడలాగా.

ఇప్పుడొక భయం పట్టుకుంది. ఫిలిముకు రెండు పక్కలుంటాయి. ఒకటి నున్నటి పక్క, ఏమంటించినా తుడుచుకోవచ్చు. రెండోది మందు పూసిన పక్క. బొమ్మ ఉండేది ఆ మందులోనే. టేపు ఆ పక్క అంటించి ఉంటే, లాగినప్పుడు పిల్లోడు కూడా టేపుతోనే ఊడి వచ్చేస్తాడు. ఏ పక్క అంటించాడో గుర్తు లేదు. ఎందుకు గుర్తుంటుంది? ఆ రోజు వాడు మళ్ళీ కావాలని అనుకుంటే కదా, చూసుకుని అంటించడానికి!

వేలి కొసతో తడిమాడు. తెలియలేదు. శకుంతలమ్మను కేకేశాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, “ఇది నిగనిగలాడతా ఉండే పక్కే,” అంది. స్పిరిట్‌లో దూది ముంచి, తడుపుతూ, ఆగుతూ, మళ్ళీ తడుపుతూ, గంటసేపు పట్టింది ఆ బెత్తెడు కూడా లేని టేపు తీయడానికి. జిగురు మరక ఒకటి చెంబు మీద ఉండిపోయింది. ముఖానికేమీ కాలేదు.

ఎర్రబల్బు వెలుతుర్లో కాగితాన్ని మందునీళ్ళలో వేసి తట్టను ఊపాడు. ముందు పిలక వచ్చింది. తర్వాత తెరిచిన నోరు. తర్వాత కళ్ళు. ఆ కళ్ళు తిన్నగా ఈయన్నే చూస్తున్నాయి. ఇన్నేళ్ళూ పిల్లోడేదో నవ్వుతున్నాడనే అనుకున్నాడు కానీ, ఎవరిని చూసి నవ్వుతున్నాడో ఆలోచించలేదు. వంగి పెట్టెలోకి తల దూర్చిన తనను చూసి! కళ దొరికిందని ఒళ్ళు మరిచిపోయిన ఈ పెద్దమనిషి వాడి కంటికి కోతిలా కనిపించాడు, నవ్వాడు. ఆ నవ్వునే తీసి అవతల పారేశాడు. మాస్టారు తట్ట అంచు పట్టుకుని ఏడ్చాడు.

“ఎంత ముద్దుగా ఉండాడు బిడ్డ!” అంది తలుపు దగ్గర శకుంతలమ్మ. ఇంకేమీ అనలేదు. అని ఉంటే కొంచెం తేలికగా ఉండేది ఆయనకు.

*

నాలుగో శనివారం. ఈసారి పొద్దున్నే పోయాడు, జనం చేరకముందే. రెండు మూటలు తీసుకుపోయాడు. దారిలో వందసార్లు అనుకున్నాడు: కొత్తది ఇచ్చేసి వచ్చేద్దాం, రెండోది విప్పనక్కర లేదు. ఎవరికి తెలుస్తుంది? ఆమెకు బిడ్డ దొరుకుతాడు, తనకు గోడ దొరుకుతుంది. ఎవరికీ నష్టం లేదు.

తిన్నె మీద కూర్చుని పూలు కడుతున్న సిద్ధమ్మ లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోటో అందుకుంది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. ముందు పిలక మీద వేలు పెట్టింది, తర్వాత బుగ్గ మీద. “ఓరి నీ పాసుగూలా! ఇదిరా నీ ముఖం!” అని ముద్దుగా తిట్టి, నవ్వింది. వాడి నవ్వే అది. ఆమె ముఖంలో అంత నవ్వుందని ఆ ఫోటో చూసిన లక్షమందిలో ఒక్కడికీ తెలియదు.

“అయ్యవారా, నువ్వు సల్లగుండాల. నా ఇంటికి దేవుడొచ్చినట్టు వచ్చినావు,” అని వంగి కాళ్ళు ముట్టుకోబోయింది.

“ముట్టుకోవద్దు మా!” మాస్టారు వెనక్కి గెంతాడు. పాము కరిచినా అంత గెంతడు. ఒంట్లో రక్తమంతా ముఖానికి ఎక్కింది. రెండో మూట విప్పి ఆమె ముందు పెట్టాడు.

“ఆ పొద్దు అద్దమంటిరే?”

“అబద్ధం చెప్పినా.”

ఆమె చాలాసేపు చూసింది. ఇటు కొత్తది, అటు పాతది. “ఇది నేనే గదా... నాకేం వచ్చిందని ఇట్లుండా? కుమారు యాడ?”

“తీసేసినా మా. కనపడకుండా నేనే తీసేసినా.”

“ఎందుకు?”

ఈ ప్రశ్నకు ఆయన ఎన్ని జవాబులు చెప్పాడు ఇన్నేళ్ళలో, ఎన్ని సభల్లో! చూపు ఒక్కచోట నిలవాలని, అనవసరమైనది ఉండకూడదని, కళ అంటే ఏది వదలాలో తెలియడమని.

“వాడు నవ్వుతా ఉండినాడు,” అన్నాడు. “ఆ నవ్వుంటే నువ్వు తిండిలేక అడుక్కునే మనిషిగా కనపడవని...”

“నా బిడ్డ నవ్వినాడని తీసేసినావా?”

అరవలేదు. తిట్టలేదు. కాళ్ళకు చెప్పులుంటే తీసి కొట్టినా బాగుండేది. తెలియక అడిగినట్టు అడిగింది, అంతే. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. మిగతాదంతా తనే చెప్పేశాడు. పేరు పెట్టింది చెప్పాడు. పతకం చెప్పాడు, పత్రిక చెప్పాడు, క్యాలెండరు చెప్పాడు. ఆమె తన ఇంటికి వచ్చి బీగం చూసి తిరిగిపోయిన రోజు తను ఢిల్లీలో ఏ ఫోటోకు దండ వేయించుకున్నాడో అదీ చెప్పాడు.

“అడుక్కుతినేదాన్నని దేశమంతా సూసినారనా నీ బాద?” అంది చివరికి. “అడుక్కుంటి నిజమే, ఆ పొద్దు ఆకలి గూడా నిజమే. దానికి నాకేం సిగ్గు లేదు. అయితే నేను ఒగదాన్నే రాలేదయ్యా మీ వాకిట్లోకి. వాడికోసరం వచ్చింటి.”

“తిరుపతిలో నా ఫోటోలన్నీ పెడతా ఉండారు మా. ఎదురుగోడకు ఈ పూర్తిది పెడతా. మీ ఇద్దరి పేర్లూ ఏసి, అందరి ముందర తప్పు ఒప్పుకుంటా.” చూడండి, అప్పుడు కూడా గోడే ఆయన మనసులో!

“వొద్దు.” కొత్త ఫోటోను గుండెకు ఆనించుకుంది. “వీణ్ణి ఇంగ ఎవురికీ సూపించేది లేదు. ఇన్నాళ్ళూ నువ్వు దాసిపెట్టుకుంటివి. ఇంగ నేను దాసుకుంటా.”

మాస్టారు జేబులోంచి కవరు తీసి, నెగటివ్ ఆమె చేతిలో పెట్టాడు. ఇది ఒక్కటే ఉందని, దీన్నుంచి ఎన్ని కావాలన్నా వేయించుకోవచ్చని చెప్పాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసి, కొంగు చివర ముడివేసుకుంది.

“మరి అది?” అన్నాడు పాతదాన్ని చూపిస్తూ.

“అది నువ్వు చేసుకున్న బొమ్మ. పెట్టుకుంటావో పారేస్తావో నీ ఇష్టం. పెట్టుకుంటే మటుకు, సూసినోళ్ళకు కుడిపక్క ఎవురుండినారో చెప్పాల. రాసి పెట్టేది కాదు. నోటితో చెప్పాల.” లేచి లోపలికి పోతూ గడప దగ్గర ఆగింది. “కూచో. అన్నం ఉడకతాంది. ఈ పొద్దు ఈ ఇంట్లోంచి ఎవురూ తినకుండా పోగూడదు.”

కూర్చున్నాడు. ఆమె వడ్డించినంతా తిన్నాడు.

*

రాజశ్రీకి అంతా చెప్పినప్పుడు ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. “ఆహ్వానాలు అందరికీ పోయినాయి సార్,” అని మాత్రం అంది. తర్వాత ‘ఆకలి’ అని అచ్చువేయించిన చీటీ చించేసి, కొత్తది రాసి తెచ్చింది: సిద్ధమ్మ, తుమ్మలకుప్పం. పెరటాసి శనివారం.

మూడు రోజులు సాగింది ఆ ప్రదర్శన. మూడు రోజులూ దొరస్వామి మాస్టారు మిగతా ముప్పైతొమ్మిది ఫోటోల వైపు పోలేదు. ఎదురుగోడకున్న ఆ ఫోటోకు కుడిపక్కన, గోడకు ఆనుకోకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు “అబ్బా, ఆ కళ్ళు చూడు!” అనేవాళ్ళు. అన్నప్పుడల్లా ఆయన గొంతు సవరించుకుని చెప్పేవాడు. ఈమె పేదది కాదు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది, ఈ పక్కన బిడ్డ ఉన్నాడు, నేను తీసేశాను. కొందరు విననట్టు పక్క ఫోటోకు జరిగిపోయారు. ఒకప్పటి తోటి మాస్టారు ఒకాయన, “ఇవన్నీ ఇప్పుడెందుకప్పా, పరువు తీసుకునేదానికి?” అని చెవిలో కసిరాడు. పదోసారి చెప్పినా, యాభయ్యోసారి చెప్పినా సిగ్గు తగ్గలేదు. చెప్పీ చెప్పీ అలవాటైపోతుందనుకున్నాడు, కాలేదు.

ఆఖరి రోజు ఎవరో బడిపిల్లలను తోలుకొచ్చారు. ఆయన చెప్పిందంతా విన్నాక, రెండు జడల పిల్ల ఒకతె ముందుకొచ్చి, ఫోటోను వదిలేసి, ఆయన నిలబడిన చోటునే కిందికీ మీదికీ చూసింది.

“ఆ పిల్లోడు ఎట్లుండినాడు తాతా?”

“నవ్వుతా ఉండినాడు మా,” అన్నాడు మాస్టారు. “నన్ను సూసి.”